కమిట్ మెసేజ్‌లో # తో మొదలైన లైను మాయమవుతోంది, కామెంట్‌చార్ ఆటో పెట్టినా అంతే

గోదారి_కోడర్
మా టీమ్‌లో ఒక రూలు ఉంది, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) కమిట్ మెసేజ్, అంటే దాచే ప్రతి మార్పుకీ రాసే వివరణ, మొదటి లైను టికెట్ నంబరుతోనే మొదలవ్వాలి. "#4127 లాగిన్ పేజీ టైమవుట్ సరిచేశా" ఇలా. నేను చేరి మూడు నెలలైంది. ఇన్నాళ్లూ టెర్మినల్‌లో -ఎమ్ పెట్టి ఒక్క లైనులో రాసేసేవాణ్ణి, ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన వారం మా లీడ్ గారు, ఏం మార్చావో ఎందుకు మార్చావో వివరంగా రాయమన్నారు, దాంతో ఎడిటర్ తెరిచి పేరాలు పేరాలుగా రాయడం మొదలుపెట్టా. శుక్రవారం రిలీజ్ రిపోర్టు తీస్తే నా ఐదు కమిట్లకి టికెట్ నంబరే లేదు! మొదటి లైను మొత్తం ఎగిరిపోయి కింద పేరా వచ్చి టైటిల్ స్థానంలో కూర్చుంది. నేను రాయలేదనుకున్నారు అందరూ. వెతికితే కోర్.కామెంట్‌చార్ (కామెంట్ లైనుకి గుర్తు ఏదో చెప్పే గిట్ సెట్టింగ్) ని ఆటో చెయ్యమని ఒకచోట ఉంది, చేశా, ఈరోజు మళ్లీ అదే జరిగింది. ఇది గిట్ బగ్గా, నేనేమైనా తప్పు చేస్తున్నానా? సోమవారం లోపు తేల్చుకోవాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

సున్నా_ఒకటి
బగ్ కాదు. ఎడిటర్ తెరుచుకున్నప్పుడు కింద "# తో మొదలయ్యే లైన్లు పట్టించుకోం" అని ఇంగ్లీషులో ఉంటుంది చూడండి. మీ టికెట్ లైను కూడా # తోనే మొదలైంది కదా, గిట్ దాన్నీ కామెంట్ అనుకుంది.

గోదారి_కోడర్
మరి -ఎమ్ తో రాసినప్పుడు ఎందుకు పోలేదు? అదే # కదా.

పాతచింతకాయ
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పడతారు. గిట్ మెసేజ్‌ని శుభ్రం చేసే పద్ధతి రెండు రకాలుగా నడుస్తుంది. ఎడిటర్ తెరిచి రాస్తే "స్ట్రిప్" పద్ధతి, అంటే అనవసరమైన ఖాళీలూ పోతాయి, కామెంట్ లైన్లూ పోతాయి. -ఎమ్ తో గానీ -ఎఫ్ తో ఫైలు నుంచి గానీ ఇస్తే "వైట్‌స్పేస్" పద్ధతి, ఖాళీలు మాత్రమే సర్దుతుంది, # జోలికి పోదు. ఎడిటర్‌లో తను సాయంగా పెట్టిన లైన్లను మళ్లీ తనే తీసేయాలి కాబట్టి అలా చేశారు, -ఎమ్ లో తను పెట్టేది ఏమీ ఉండదు.

ఇక ఆటో సంగతి. ఆటో అంటే గిట్ ఒక పట్టీ దగ్గర పెట్టుకుంటుంది, # ; @ ! $ % ^ & | : ఈ పది. ఎడిటర్ తెరిచే ముందు *అప్పటికే ఉన్న* మెసేజ్ చూసి, అందులో ఏ లైనుకీ మొదట లేని గుర్తును ఈ వరుసలో ఏరుకుంటుంది. మీరు కొత్త కమిట్ చేస్తుంటే అప్పటికి మెసేజ్ ఖాళీ. ఖాళీలో # లేదు, కాబట్టి # నే ఏరుకుంటుంది. ఆ తర్వాత మీరు "#4127" అని టైపు చేస్తారు, అది కామెంట్ కిందికి పోతుంది. మీరు ఏం టైపు చెయ్యబోతున్నారో దానికి ముందే తెలియదు కదా తమ్ముడూ.

గోదారి_కోడర్
అంటే ఆటో వల్ల ఉపయోగమే లేదా?

రాత్రిబండి
ఉపయోగం ఉంది, ఎమెండ్ చేసేటప్పుడు, అంటే పాత కమిట్‌ని సరిదిద్దేటప్పుడు. నా కథ మీదానికి తిరగేసింది. నేను ఎప్పుడూ -ఎమ్ తోనే "#88" అంటూ కమిట్లు చేసుకుంటూ పోయా, అన్నీ బాగానే ఉన్నాయి. పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలపమని అడిగేది) పెట్టే ముందు స్పెల్లింగులు సర్దుదామని రీబేస్ (పాత కమిట్లని తిరగరాసే కమాండ్) తెరిచి నాలుగింటికి రీవర్డ్, అంటే మెసేజ్ మార్చడం, పెట్టా. ఒక్కొక్కటీ ఎడిటర్‌లో తెరుచుకుంది, నేను ఒక అక్షరం మార్చి సేవ్ చేశా, అంతే, ఎప్పుడో రాసి భద్రంగా ఉన్న # లైన్లు నాలుగూ పోయాయి. టైటిల్ ఒక్కటే ఉన్న కమిట్ అయితే "మెసేజ్ ఖాళీగా ఉంది, కమిట్ ఆపేస్తున్నా" అని మధ్యలో ఆగిపోయింది. ఆటో ఉండుంటే పాత మెసేజ్‌లో # ఉందని చూసి ; కి మారేది.

కొబ్బరాకు
ఇంత చర్చ దేనికండీ. ; పెట్టేసుకోండి, పదేళ్లుగా నేను అదే వాడుతున్నా. ఏ మనిషీ లైను మొదట్లో సెమీకోలన్ పెట్టి వాక్యం రాయడు.
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కామెంట్‌చార్ ;

లిస్పు_మీసాలు
మేం రాస్తామండీ 🙂 మా లిస్ప్ కోడ్‌లో కామెంట్లన్నీ ; తోనే.

గోదారి_కోడర్
@కొబ్బరాకు మీరిచ్చింది యథాతథంగా కొట్టా. "ఆటో" అని ఒక్క మాట ప్రింట్ చేసి ఊరుకుంది. ఏమీ మారలేదు.

సున్నా_ఒకటి
కొటేషన్ మార్కులు లేవుగా. షెల్‌కి (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) ; అంటే "ఈ కమాండ్ ఇక్కడితో అయిపోయింది" అని. కాబట్టి గిట్‌కి విలువ అందనే లేదు, "ఇప్పుడున్న విలువ ఎంత" అని అడిగినట్టు అయింది, అది ఆటో అని జవాబిచ్చింది. ';' అని కోట్స్‌లో పెట్టి కొట్టండి.

కొబ్బరాకు
నిజమే, నాదే పొరపాటు. కోట్స్ తప్పనిసరి. ఫైలు తెరిచి చేత్తో రాసేవాళ్లకీ అదే మాట, గిట్ కాన్ఫిగ్ ఫైల్లో ; కూడా కామెంట్ గుర్తే కాబట్టి కోట్స్ లేకపోతే విలువ ఖాళీ అయిపోతుంది. కమాండ్‌తో పెడితే కోట్స్ అదే వేసుకుంటుంది.

విండోస్_వెంకన్న
విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంకో తిప్పలు. అక్కడ సింగిల్ కోట్ కి అర్థమే లేదు, అది కూడా విలువలో భాగంగా వెళ్లిపోతుంది. మూడు గుర్తులు కలిసి వెళ్తాయన్నమాట. పాత గిట్ అయితే "ఒక్క గుర్తే ఉండాలి" అని ఎర్రర్ ఇస్తుంది, అదే నయం. కొత్త గిట్ ఎన్ని గుర్తులైనా ఒప్పుకుంటుంది కాబట్టి ఏమీ అనకుండా ఆ మూడింటినీ కలిపి కామెంట్ గుర్తు చేసేస్తుంది. ఎడిటర్ తెరిస్తే ప్రతి లైను ముందూ ';' ';' ';' అని కనిపించింది నాకు, ఏదో వైరస్ అనుకున్నా. డబుల్ కోట్స్ వాడండి, లేదా గిట్ బాష్‌లో చెయ్యండి.

పెరుగావడ
అందరూ సెట్టింగ్ మార్చమనే అంటున్నారు గానీ అసలు లోపం మీ టీమ్ రూల్‌లో ఉంది. లైను మొదట # పెట్టమనడమే తప్పు. గిట్ మొదటి నుంచీ # ని తనకోసం ఉంచుకుంది, కామెంట్‌చార్ అనే సెట్టింగ్ 1.8.2 లో, అంటే 2013 లో వచ్చింది. "లాగిన్ టైమవుట్ సరిచేశా, #4127" అని నంబరు చివర పెట్టండి, లేదా "ఫిక్సెస్ #4127" అని ముందు ఒక మాట పెట్టండి. # అన్నది లైనులో మొట్టమొదటి గుర్తు అయితేనే గొడవ. గిట్‌హబ్ వాడేవాళ్లకి "జీహెచ్-4127" అని రాసినా లింకు పడుతుంది, # అవసరమే లేదు.

అన్నిటికంటే ముఖ్యం, కాన్ఫిగ్ (ఈ సెట్టింగులు) క్లోన్‌తో, అంటే ప్రాజెక్టు కాపీ తెచ్చుకుంటే, రాదు. మీరు మీ ల్యాప్‌టాప్‌లో ; పెట్టుకుంటారు, రేపు చేరే కొత్త అమ్మాయి ల్యాప్‌టాప్‌లో # నే ఉంటుంది, ఆమెకీ ఇదే శుక్రవారం వస్తుంది. టీమ్ సమస్యకి ఒక్క మనిషి సెట్టింగ్ మందు కాదు.

పాతచింతకాయ
@పెరుగావడ సగం ఒప్పుకుంటా. రూలు మార్చడం సరైనదే. కానీ # తో మొదలయ్యే లైను అంటే టికెట్ నంబరు ఒక్కటే కాదు. నేను సీ లో డ్రైవర్ కోడ్ రాస్తా. మెసేజ్‌లో "#ఇఫ్‌డెఫ్ ఎందుకు తీశానంటే" అని వివరిస్తూ ఆ రెండు లైన్లూ అతికిస్తా. సర్వర్లు చూసుకునే వాళ్లు రూట్ ప్రాంప్ట్‌తో సహా కమాండ్లు అతికిస్తారు, రూట్ ప్రాంప్ట్ అంటేనే #. మార్క్‌డౌన్ (హెడింగుకి ముందు # పెట్టే రాత పద్ధతి) అలవాటైన వాళ్లు హెడింగులు పెడతారు. ఇవన్నీ చప్పుడు లేకుండా పోతాయి, ఆ *చప్పుడు లేకపోవడమే* నాకు నచ్చనిది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, ఆరు నెలల తర్వాత ఎవరో లాగ్ చదివి "ఈ పేరాకి తలాతోకా లేదేంటి" అనుకుంటారు. అందుకే మనిషి రాసే రాతలో రాని గుర్తు పెట్టుకోవడం ప్రతి ఒక్కరికీ మేలు, టీమ్ రూలు ఏదైనా సరే.

పెరుగావడ
అతికించే వాటికి ముందు నాలుగు స్పేసులు ఇవ్వండి. మొదటి స్థానంలో # లేకపోతే గిట్ ముట్టుకోదు, లాగ్‌లో చూడటానికీ కోడ్‌లా బాగుంటుంది.

పాతచింతకాయ
అది మంచి అలవాటే. గుర్తుంటే.

కత్తెర_పిట్ట
మీరెవరూ చెప్పని దారి ఒకటుంది. గుర్తు మార్చక్కర్లేదు, కమిట్.క్లీనప్ (మెసేజ్ శుభ్రం చేసే పద్ధతి ఏదో చెప్పే సెట్టింగ్) ని "సిజర్స్" చెయ్యండి. అప్పుడు ఎడిటర్‌లో ఒక కత్తెర గీత వస్తుంది, >8 బొమ్మతో. ఆ గీత దగ్గర్నుంచి కిందదంతా పోతుంది, పైన మీరు ఏ గుర్తుతో మొదలుపెట్టినా ఉంటుంది. గిట్ లాంటిదే అయిన ఎస్వీఎన్ వాడిన వాళ్లకి ఇది బాగా తెలిసిన పద్ధతి, అక్కడ "ఈ లైనూ దీని కింద ఉన్నవీ పట్టించుకోం" అని ఒక గీత ఉండేది.

రాత్రిబండి
@కత్తెర_పిట్ట ఇది నాకు తెలియదు, ఇప్పుడే పెట్టి చూశా, పనిచేస్తోంది. ఒక్కటే చిక్కు, మా ఆఫీసు కమిట్ టెంప్లేట్‌లో (ఎడిటర్‌లో ముందే నింపి వచ్చే నమూనా) "# ఇక్కడ కారణం రాయండి" లాంటి సూచనలు ఉన్నాయి, అవి ఇప్పుడు మెసేజ్‌లో ఉండిపోతున్నాయి.

కత్తెర_పిట్ట
అవును, కత్తెరకి పైన ఉన్నది ఏదైనా మీ మాటే అనుకుంటుంది. టెంప్లేట్ ఉన్న చోట ఇది సరిపడదు.

పాతచింతకాయ
టెంప్లేట్ మాట వచ్చింది కాబట్టి, ఆటో కి ఉన్న పెద్ద రోగం కూడా అదే. టెంప్లేట్‌లో # సూచనలు ఉంటే ఆటో వాటిని చూసి "ఓహో మెసేజ్‌లో # ఉంది" అనుకుని ; కి మారిపోతుంది. ఫలితం, పోవాల్సిన # సూచనలన్నీ కమిట్‌లో మిగిలిపోతాయి. ప్రిపేర్-కమిట్-మెసేజ్ హుక్ (కమిట్ చేసేటప్పుడు దానంతటదే నడిచే స్క్రిప్టు) ఏవైనా # లైన్లు కలిపితే అదీ పొసగదు, రీబేస్‌లో కమిట్లని కలిపేసే స్క్వాష్, ఫిక్సప్ లతో కూడా పొసగదు. 2014 లో గిట్ 2.1 తో వచ్చింది ఈ ఆటో, ఇన్నేళ్లకి దాన్ని వదిలించుకుంటున్నారు, 3.0 లో తీసేస్తామని డాక్యుమెంటేషన్‌లోనే ఈ కారణాలన్నీ రాసిపెట్టారు. కాబట్టి కొత్తగా ఎవరూ దాన్ని పెట్టుకోకండి.

తీగలాగితే
గుర్తు మార్చేవాళ్లకి నా హెచ్చరిక, ముందు మీ హుకులు చూసుకోండి. మా కమిట్-మెసేజ్ హుక్ లైను 72 అక్షరాలు దాటితే కమిట్ ఆపేస్తుంది. అది రాసిన మహానుభావుడు "# తో మొదలయ్యేవి వదిలేయ్" అని నేరుగా # నే రాసేశాడు. నేను ; కి మారిన రోజు నుంచి మారిన ఫైళ్ల పేర్ల లిస్టు, అదే ; తో మొదలయ్యే లైన్లు, హుక్ కి నా మెసేజ్‌లా కనిపించడం మొదలైంది. మా ఫోల్డర్ల పేర్లు చాంతాడంత ఉంటాయి, ప్రతి కమిటూ ఆగిపోయేది. మెసేజ్‌లో మూడు మాటలే ఉన్నాయి, 72 ఎక్కడ దాటిందో అర్థం కాక ఒక సాయంత్రం మొత్తం పోయింది. హుక్ చేతికి శుభ్రం చెయ్యని ఫైలు వస్తుందన్న సంగతి నాకు ఆరోజే తెలిసింది.

చివరికి హుక్‌లో # లైన్లు వెతికే ఆ గ్రెప్ కమాండ్ తీసేసి గిట్ స్ట్రిప్‌స్పేస్ కి -ఎస్ ఇచ్చి వాడా. అది కాన్ఫిగ్‌లో ఉన్న గుర్తే చదువుకుని తీసేస్తుంది, ఎవరి ల్యాప్‌టాప్‌లో ఏది ఉన్నా పని చేస్తుంది.

సున్నా_ఒకటి
@తీగలాగితే ఇది చాలా పనికొచ్చే మాట. ఎడిటర్ రంగుల విషయంలోనూ ఇంతే, కొన్ని ఎడిటర్లు # లైనునే బూడిద రంగులో చూపిస్తాయి, మీరు గుర్తు మార్చినా. రంగు చూసి మోసపోవద్దు.

మెల్‌బోర్న్_మిరపకాయ
కమిట్ గురించే మాట్లాడుతున్నారు, ట్యాగ్ (ఒక రిలీజ్‌కి తగిలించే పేరు) ఇంకా దారుణం. నేను రిలీజ్ నోట్స్ అన్నీ మార్క్‌డౌన్‌లో శ్రద్ధగా రాసి, -ఎఫ్ తో ఆ ఫైలు ఇచ్చి ట్యాగ్ పెట్టా. పాతచింతకాయ గారు పైన చెప్పినట్టు -ఎఫ్ అయితే # ఉంటుందనే నమ్మకంతో. కమిట్‌కి అది నిజం, ట్యాగ్‌కి కాదు! ట్యాగ్‌లో ఎలా ఇచ్చినా అసలు పద్ధతే స్ట్రిప్. హెడింగులన్నీ పోయి, "కొత్తవి" ఏవో "తీసేసినవి" ఏవో తెలియని ఒకే జాబితా మిగిలింది. తీసేసిన ఫీచర్లని కొత్తవి అనుకుని ఒక కస్టమర్ మెయిల్ పెట్టాడు, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ట్యాగ్ కమాండ్‌కి --క్లీనప్=వైట్‌స్పేస్ ఇవ్వాలి, లేదా వెర్బాటిమ్ (ఏమీ ముట్టుకోకుండా ఉంచేది).

పాతచింతకాయ
@మెల్‌బోర్న్_మిరపకాయ నిజమే అక్కా, నేను కమిట్‌కి మాత్రమే అని విడిగా చెప్పాల్సింది.

పాఠాల_మాస్టారు
నేను డిప్లొమా పిల్లలకి గిట్ నేర్పిస్తా. మొదటిసారి ఎడిటర్ తెరుచుకోగానే అన్ని # లైన్లు చూసి సగంమంది భయపడతారు, వాటిని ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చుంటారు, కొందరైతే # పక్కనే తమ మెసేజ్ రాసి, ఖాళీ మెసేజ్ అని ఎర్రర్ వస్తే నన్ను పిలుస్తారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.45 నుంచి కామెంట్ గుర్తు ఒక్క అక్షరమే కానక్కర్లేదు, ఎంత పొడుగైనా, ఏ లిపి అయినా పెట్టొచ్చు. దానికి కోర్.కామెంట్‌స్ట్రింగ్ అని ఇంకో పేరు కూడా ఇచ్చారు. ల్యాబ్‌లో అన్ని మెషీన్లకీ "గమనిక:" అని పెట్టా. ఇప్పుడు ప్రతి సూచన ముందూ తెలుగులో గమనిక: అని వస్తుంది. నమ్మండి, ఆరోజు నుంచి ఒక్కరు కూడా ఆ లైన్లలో మెసేజ్ రాయలేదు. # అంటే ఏమిటో తెలియని పిల్లకి గమనిక అంటే ఏమిటో తెలుసు కదా.

లిస్పు_మీసాలు
మాస్టారూ, ఇది అదిరింది. మా మెషీన్లో "ఒరేయ్:" పెట్టుకుంటా.

కొబ్బరాకు
"ఒరేయ్: మారిన ఫైళ్లు ఇవీ" 😄

విండోస్_వెంకన్న
మాస్టారూ, ల్యాబ్‌లో పాత గిట్ ఉన్న మెషీన్లు కలిసి ఉంటే జాగ్రత్త. 2.45 కి ముందువి కామెంట్‌చార్‌లో తెలుగు మాట చూస్తే ఒప్పుకోవు, ఎర్రరే.

పాఠాల_మాస్టారు
అందుకే రెండూ రాశా. ముందు కామెంట్‌చార్ కి ";", దాని కింద లైనులో కామెంట్‌స్ట్రింగ్ కి "గమనిక:". పాత గిట్‌కి రెండోది ఏమిటో తెలియదు కాబట్టి దాటేసి ; వాడుకుంటుంది. కొత్తదానికి రెండూ ఒకటే, కింద ఉన్నది గెలుస్తుంది. వరుస మారితే పని చెయ్యదు, అది గుర్తుంచుకోవాలి.

పాతచింతకాయ
ఇది కొత్త ఆలోచనేం కాదు, అందుకే నాకు నచ్చింది. గిట్ లాంటి పాత టూల్ సీవీఎస్ లో కామెంట్ లైన్ల ముందు "సీవీఎస్:" అని ఉండేది, మెర్క్యురియల్ లో "హెచ్‌జీ:" అని, ఈమధ్య వచ్చిన జుజుత్సులో "జేజే:" అని. వీటిలో ఏదీ మనిషి మామూలుగా రాసే రాతతో గుద్దుకోదు. గిట్ మాత్రం అందరూ వాడే # ని ఎంచుకుంది.

కొత్తకొమ్మ
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి, ఈ సెట్టింగ్ మారిస్తే గిట్‌ఇగ్నోర్ ఫైల్లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) # కూడా మారిపోతుందా? మాది నిండా కామెంట్లే.

సున్నా_ఒకటి
మారదు. గిట్‌ఇగ్నోర్‌లో ఎప్పుడూ # నే. పేరే # తో మొదలయ్యే ఫైలు ఉంటే ముందు \ పెట్టాలి, ఈమాక్స్ ఎడిటర్ వాడేవాళ్లకి ఇది రోజూ పని. కామెంట్‌చార్ ప్రభావం ఎడిటర్‌లో మనిషి రాసే చోట్లే, కమిట్, ట్యాగ్, రీబేస్ లిస్టు లాంటివి.

గోదారి_కోడర్
అన్నీ చదివా, చాలా థాంక్స్ అందరికీ. ఇంకొక్క ప్రశ్న. ఆ పోయిన ఆరు లైన్లు తిరిగి వచ్చే దారి ఉందా? పుష్ అయిపోయాయి, అంటే అందరూ వాడే చోటికి వెళ్లిపోయాయి.

రాత్రిబండి
చివరి కమిట్‌ది దొరకొచ్చు. డాట్ గిట్ ఫోల్డర్లో కమిట్_ఎడిట్‌ఎమ్‌ఎస్‌జీ అనే ఫైలు తెరవండి. మీరు ఎడిటర్‌లో సేవ్ చేసింది # లైన్లతో సహా అందులోనే ఉంటుంది, తర్వాతి కమిట్ చేసేదాకా. ఇంకేం కమిట్ చెయ్యకముందే చూడండి!

గోదారి_కోడర్
ఉంది!! ఈరోజుది మొత్తం ఉంది. మిగతా ఐదు?

తీగలాగితే
బ్రాంచ్ పేర్లలో టికెట్ నంబరు పెట్టే అలవాటు ఉంటే మెర్జ్ కమిట్లలో చూడండి. మెసేజ్ మార్చడానికి మాత్రం హిస్టరీ తిరగరాసి ఫోర్స్ పుష్ చెయ్యకండి, అందరూ వాడే బ్రాంచ్ అది. గిట్ నోట్స్‌తో ఆ కమిట్లకి "టికెట్ 4127" అని జత చెయ్యొచ్చు, కమిట్ మారదు. నోట్స్ మామూలు పుష్‌తో వెళ్లవు, విడిగా పంపాలి.

పెరుగావడ
మీ లీడ్ గారితో రూలు సంగతి మాట్లాడారా లేదా? అది చెయ్యకపోతే ఈ చర్చంతా మళ్లీ ఇంకొకరికి జరుగుతుంది.

గోదారి_కోడర్
సోమవారం అప్‌డేట్. మాట్లాడా. ఈ చర్చలో చదివినవన్నీ ఆయనకి చెప్పా, మెల్‌బోర్న్ అక్క ట్యాగ్ సంగతి విని వెంటనే మా పాత ట్యాగులు తీసి చూశారు, రెండిట్లో హెడింగులు లేవు, ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు. ఇకనుంచి నంబరు టైటిల్ చివర, ముందు # లేకుండా. మెసేజ్‌లో టికెట్ నంబరు లేకపోతే హుక్ ఆపేస్తుంది, అందులో స్ట్రిప్‌స్పేస్ వాడి నేనే రాశా, మొదటిసారి హుక్ రాయడం. నా వరకు ; కూడా పెట్టుకున్నా, కోట్స్‌తో. మొదట గ్లోబల్‌లో పెడితే మారలేదు, చూస్తే పాత ఆటో ఆ ప్రాజెక్టు కాన్ఫిగ్‌లో కూడా ఉంది, అదే గెలుస్తోంది. --షో-ఆరిజిన్ ఇస్తే ఏ ఫైల్లో ఉందో చూపించింది, తీసేశా.

పెరుగావడ
శెభాష్. మిగతా ఐదు నంబర్లు?

గోదారి_కోడర్
నాలుగు బ్రాంచ్ పేర్లలో దొరికాయి. ఐదోది టెస్టింగ్ చేసే మేడమ్ తన నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకున్నారు, 4131. ఇప్పుడే నోట్స్‌లో ఎక్కించా.